'మాలపల్లి'ని ముప్పై అయిదు లక్షలలో సినిమాగా తీయడం సాధ్యమేనా?

కృష్ణాతీరం (ప్రశ్న)

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి నవల 'మాలపల్లి'ని సినిమాగా తీయాలన్న ఆలోచన నన్ను నాలుగేళ్లుగా వదలడం లేదు. ముందే ఒక మాట చెప్పాలి: 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారు తీసిన 'మాలపిల్ల' చలం కథ, దానికీ ఈ నవలకూ సంబంధం లేదు. ఈ సంగతి నేను కలిసిన ఇద్దరు నిర్మాతలకు కూడా విడమరచి చెప్పవలసి వచ్చింది కాబట్టి ఇక్కడా రాస్తున్నాను.

నా చేతిలో ఉన్నది ఇరవై లక్షలు. విదేశాలలో ఉన్న మిత్రులు మరో పదిహేను సర్దుతామన్నారు. చిత్రీకరణకు ఇరవై నాలుగు రోజులకు మించి దొరకవు. నవల చూస్తే ఏడెనిమిది వందల పుటలు. మాలవాడలోని రామదాసు కుటుంబం, భూస్వామి చౌదరయ్య ఇంట్లో రామదాసు చిన్నకొడుకు సంగదాసు పాలేరుతనం, కూలి తగవు, సంగదాసు హత్య, పెద్దకొడుకు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడుగా మారి ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచడం, భూమి పోవడం, నేరస్థులని ముద్రపడినవారిని ఉంచే సెటిల్‌మెంటు, జైలు, మరోవైపు చౌదరయ్య కొడుకు రామానాయుడి భార్య కమల, మోహనరావుల వ్యవహారం, రామదాసు కూతురు జ్యోతి, అప్పాదాసుల కథ, చివరకు సంగవిజయం. వీటిలో ఏదీ వదలబుద్ధి కాక అన్నింటినీ పెట్టి రాసిన నా మొదటి స్క్రీన్‌ప్లే రెండు వందల పన్నెండు పుటలు వచ్చింది. మిత్రులకు చదివి వినిపిస్తే నాలుగు గంటలు పట్టింది. విన్నవారిలో ఒకరు, ఇది పరీక్షకు ముందురోజు చదువుకునే గైడులా ఉందని అన్నారు. ఆ మాట నిజం కాబట్టే ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

నాకు తోచిన దారులు మూడు: రెండు భాగాలుగా తీయడం, వెబ్ సిరీస్‌గా మార్చడం, లేదా ఒక్క పాయను మాత్రం తీసుకుని మిగిలినదంతా వదిలివేయడం. మూడోది చేస్తే నవలకు ద్రోహం చేసినట్టవుతుందేమోనని సంకోచం. దీర్ఘమైన రాజకీయ నవలలతో ఇలాంటి పని చేసినవారు, లేదా దగ్గరగా చూసినవారు, దయచేసి మీ అభిప్రాయం చెప్పండి.

కోత బల్ల

నేను ఎడిటర్‌ని. ఇరవై ఏళ్లుగా ఇతరులు తీసినదాన్ని కోయడమే నా వృత్తి కాబట్టి నా మాటలలో కాస్త కరకుదనం ఉంటే మన్నించండి. మీ రెండు వందల పన్నెండు పుటలలో ప్రతి కథనూ కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోతే మిగిలేది చిన్న 'మాలపల్లి' కాదు, ఊపిరాడని 'మాలపల్లి'. నవలలో ఒక పాత్ర మనసు మారడానికి ఎనభై పుటలు పడితే, దాన్ని రెండు నిమిషాలకు కుదించినప్పుడు మనసు మారడం కనిపించదు, మారిందన్న సమాచారం మాత్రమే అందుతుంది.

రెండు భాగాల ఆలోచనకు సంబంధించి రెండు ఉదాహరణలు చెబుతాను. అమెరికాలో అయిన్ రాండ్ 1957లో రాసిన 'అట్లాస్ ష్రగ్డ్' వెయ్యి పుటలు దాటిన రాజకీయ నవల. దాని హక్కులు ఒక వ్యాపారవేత్త చేతిలో దాదాపు రెండు దశాబ్దాలు ఉండి, గడువు తీరిపోవడానికి కొద్దిరోజుల ముందు, 2010 జూన్‌లో హడావుడిగా చిత్రీకరణ మొదలైంది. నవల మూడు భాగాలుగా ఉంది కదా అని సినిమానూ మూడుగా పంచారు. 2011లో వచ్చిన మొదటి భాగానికి అమెరికాలో వసూళ్లు యాభై లక్షల డాలర్లు కూడా దాటలేదు. 2012లో రెండోది, 2014లో మూడోది వచ్చాయి గాని, ప్రతి భాగానికీ ప్రధాన నటులందరూ మారిపోయారు. మొదటి సినిమాలో చూసిన నాయిక రెండో సినిమాలో వేరే మనిషి! తక్కువ డబ్బుతో భాగాలుగా తీయాలనుకునేవారు ముందుగా ఆలోచించవలసినది ఇదే. మొదటి భాగం ఆడకపోతే రెండో భాగానికి నటులు, డబ్బు, ఉత్సాహం మూడూ ఉండవు, అప్పుడు మీ చేతిలో మిగిలేది సగం కథ.

దీనికి ఎదురుగా 1987లో ఇంగ్లండులో క్రిస్టీన్ ఎడ్జార్డ్ తీసిన 'లిటిల్ డారిట్' ఉంది. డికెన్స్ నవలలలో ప్రభుత్వ కార్యాలయాల మీద, అప్పుల జైలు మీద అంత కోపంగా రాసినవి తక్కువ. ఎడ్జార్డ్ కూడా రెండు భాగాలే తీశారు, మొత్తం ఆరు గంటలకు దగ్గరగా ఉంటుంది. కానీ నవలను మధ్యకు విరవలేదు. మొదటి భాగంలో కథను నాయకుడు ఆర్థర్ కళ్లతో చెప్పి, రెండో భాగంలో అదే కథను నాయిక ఎమీ డారిట్ కళ్లతో మళ్లీ చెప్పారు. లండనులో థేమ్స్ ఒడ్డున ఉన్న పాత గోదాములో తమ సొంత చిన్న స్టూడియోలోనే సెట్లు వేసుకున్నారు, దుస్తులు కుట్టుకున్నారు. ఒకే గది రెండు భాగాలలోనూ వస్తుంది, చూసే మనిషి మారినందువల్ల గది అర్థం మారుతుంది. పొదుపు, కళ రెండూ అక్కడ ఒకటే అయ్యాయి.

ఇక మన దగ్గరి ఉదాహరణ 'మా భూమి' సినిమా. దానికి ఆధారమైన కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' చిన్నది. ఉరికంబం ఎక్కబోయే రాఘవరావు జైలుగదిలో తన బతుకును తలపోసుకోవడమే దాని నిర్మాణం. గౌతమ్ ఘోష్, బి. నర్సింగరావు గార్లు ఆ జైలు చట్రాన్ని వదిలేసి, రామయ్య అన్న రైతుబిడ్డను తీసుకుని, తెలంగాణ పల్లెలలో తాము చూసినదీ విన్నదీ అందులో నింపారు. నవల చిన్నది, సినిమా విశాలమైంది. మీది దీనికి తలకిందులైన సమస్య, అయినా పాఠం ఒక్కటే: వారు సంఘటనలను అనువదించలేదు, ఆ సంఘటనల వెనుక ఉన్న తగవును పట్టుకున్నారు.

'మాలపల్లి'లో ఆ తగవు ఏమిటి? నా దృష్టిలో అది కూలి. ధాన్యం ధర పెరుగుతున్న రోజులలో, ఇంతకాలం గింజల రూపంలో ఇచ్చిన కూలిని డబ్బు రూపంలోకి మార్చాలని ఆసాములు చూడడం. ఇందులో ఉపన్యాసం అవసరం లేదు. ధాన్యం కొలిచే ఒక కుంచం, ఒక రాశి, ఒక చెయ్యి చాలు. కుంచాన్ని రాశిపోసి కొలవడానికీ, అంచుకు సమంగా చేత్తో గీసి కొలవడానికీ మధ్య ఉన్న తేడాలో మొత్తం రాజకీయం కనబడుతుంది. కథను ఒక్క వ్యవసాయ సంవత్సరానికి, ఊడ్పుల నుంచి నూర్పిళ్ల దాకా, కుదించండి. సంగదాసు హత్యతో ముగించండి. కమల, మోహనరావుల కథను ఏ విచారం లేకుండా తీసివేయండి.

కృష్ణాతీరం

కోత బల్ల గారికి కృతజ్ఞతలు. కూలి తగవును వెన్నెముకగా పెట్టుకోవాలన్న సూచన నాకు వెంటనే పట్టింది. కానీ సంగదాసు హత్యతో ముగించడం దగ్గర ఒప్పుకోలేకపోతున్నాను. చౌదరయ్య చేతి దెబ్బకు ఒక మంచి యువకుడు చనిపోవడంతో సినిమా ఆగితే, దుర్మార్గుడైన భూస్వామి కథలు మనం చూసిన వందలో ఇది నూటొకటోది అవుతుంది. ఉన్నవ గారి అసలు ప్రశ్న ఆ తరువాతే మొదలవుతుందని నా నమ్మకం. కొడుకును చంపినవాడి మీద పగ పెంచుకోని తండ్రి ఒకవైపు, అదే చావు చూసి చట్టాన్ని కాలదన్ని వెళ్లిపోయిన పెద్దకొడుకు మరోవైపు. అది వదిలితే నవలను వదిలినట్టే. కానీ దోపిడీలు, పోలీసులు, అడవులు, జైళ్లు తీయడానికి నా దగ్గర డబ్బు లేదు.

గుంటూరు పాఠకుడు

నేను సినిమావాణ్ని కాదు, ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. 'మాలపల్లి'ని ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. కృష్ణాతీరం గారి అభ్యంతరం సరైనదే. అయితే కోత బల్ల గారి సూచనకూ దీనికీ వైరుధ్యం ఉందనుకోను. హత్యను ముగింపుగా కాక నడిమికి తీసుకురండి. సినిమాకు కేంద్రం సంగదాసు కాదు, రామదాసు. నవల సహాయనిరాకరణ రోజులలో జైలులో పుట్టింది. ఐర్లండులో బారిస్టరు చదివి వచ్చిన మనిషి, అక్కడి అలజడినీ ఇక్కడి అలజడినీ చూసిన మనిషి, హింస గురించి తనలో తాను పడిన వాదమే తండ్రీకొడుకుల రూపం తీసుకుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. కొడుకు వాదానికి తండ్రి వాదానికన్నా తక్కువ బలం ఇవ్వకపోవడం ఆ పుస్తకం నిజాయితీ. మద్రాసు ప్రభుత్వం దాన్ని ఊరికే నిషేధించలేదు.

డబ్బు లేదన్న మాటకు నాకు తోచిన సమాధానం ఒకటి ఉంది. తక్కెళ్ళ జగ్గణ్ణి చూపించకండి, వినిపించండి. హత్య తరువాత వెంకటదాసు తెర మీద నుంచి వెళ్లిపోతాడు. ఆ తరువాత మనకు అందేది అతని గురించిన వదంతి మాత్రమే. చెరువు గట్టున ఒక రకంగా, కల్లు పాక దగ్గర ఇంకో రకంగా, కచేరీ అరుగు మీద మరో రకంగా. ఒకరి మాటలో అతడు ఏడడుగుల మనిషి, ఒకరి మాటలో బైరాగి. ఒక తెల్లవారుజామున ఎవరిదో గడప ముందు గింజల బస్తా ఉంటుంది, అంతే. వింటున్న రామదాసు ముఖం మీద కెమెరా ఉంటే చాలు. ఇది డబ్బు లేక పడే పాటు అనుకోవద్దు. గజదొంగల కథలు మన పల్లెలలో బతికినది ఇలాగే కదా, ఎవరూ చూడరు, అందరికీ తెలుసు.

రెండు హెచ్చరికలు కూడా చేయాలి. మొదటిది: రామదాసు సహనాన్ని వందేళ్ల కింద గొప్పతనంగా చదివినవారు ఈనాడు లొంగుబాటుగా చూస్తే తప్పు పట్టలేం. రచయిత మాలవాడ వెలుపలి నుంచి, ఎంత ప్రేమతోనైనా, చూసి రాసిన పుస్తకం ఇది. మీ స్క్రీన్‌ప్లేను నటులతో చదివించే ముందు ఆ వాడలలో పుట్టి పెరిగినవారితో, ముఖ్యంగా ఆడవారితో, చదివించి వారి కోపాన్ని కూడా రాసుకోండి. నవలలో రామదాసు భార్య మాలక్ష్మికి దక్కని మాటలు సినిమాలో దక్కవచ్చు. రెండోది: నవలలో 'చరమగీతం', 'సమతాధర్మం' అన్న గేయాలు ఉన్నాయి. వాటిని నేపథ్య సంగీతంతో కప్పకండి. గొంతులు చాలు.

పాత మేనేజరు

పైవారు కథ సంగతి చూశారు కాబట్టి నేను ఖర్చు సంగతే రాస్తాను. ప్రొడక్షన్ మేనేజరుగా చిన్న సినిమాలు తొమ్మిది చేశాను, వాటిలో నాలుగు విడుదల కాలేదు, ఆ నాలుగే నాకు ఎక్కువ నేర్పాయి.

తక్కువ డబ్బు సినిమాను ముంచేది కెమెరా అద్దె కాదు, జనం. ఒక సన్నివేశంలో అరవై మంది కూలీలు కావాలంటే ఒక్కొక్కరికి బత్తెం, భోజనం, రవాణా, ఆ కాలపు దుస్తులు కలిపి రోజుకు వెయ్యి రూపాయలకు తగ్గదని నా అనుభవం. అంటే ఒక్క రోజుకు అరవై వేలు, అలాంటి రోజులు ఎనిమిది ఉంటే దాదాపు అయిదు లక్షలు, మీ మొత్తంలో ఏడో వంతు. అందువల్ల జనం ఉన్న సన్నివేశాలన్నీ కల్లం దగ్గరే జరిగేలా రాసుకుని నాలుగు రోజులలో ముగించండి. పీటర్ వాట్కిన్స్ 1871 నాటి తిరుగుబాటు అయిన పారిస్ కమ్యూన్ మీద తీసిన ఆరు గంటల సినిమాను పారిస్ శివార్లలో మూతపడిన ఒక కర్మాగారంలో, రెండు వందల మందికి పైగా నటులతో, పదమూడు రోజులలో చిత్రీకరించారు. వారిలో చాలామందికి నటన వృత్తి కాదు. వీధులు, బారికేడ్లు, సభలు అన్నీ ఆ ఒక్క ఆవరణలోనే. ప్రేక్షకుడు దాన్ని సెట్ అని తెలిసే చూస్తాడు, అయినా నమ్ముతాడు. మీ కల్లం అలాంటి ఆవరణ కావాలి.

డెల్టాలో ఇప్పుడు 1920 నాటి ఊరు దొరకదు. కరెంటు స్తంభాలు, సిమెంటు రోడ్లు, నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు ప్రతి ఫ్రేములోకీ వస్తాయి. వాటిని కంప్యూటరులో చెరపడం మీ స్థాయికి అందదు. కాబట్టి విశాల దృశ్యాలకు పొలం, చెరువు, ఆకాశం వాడుకుని, ఊరి లోపల మాత్రం ఒక గుడిసె, ఒక అరుగు, ఒక పెంకుటింటి వాకిలి దాటి వెళ్లకండి. సెటిల్‌మెంటుకు ఒక పొడవైన గోడ, ఒక గంట, పేర్లు పిలిచే గొంతు సరిపోతాయి.

ఎవరూ ముందుగా ఆలోచించని విషయం వరి. ఇప్పటి వంగడాలు పొట్టివి, పాత వరి మనిషి నడుము దాటి ఎదిగేది. పొట్టి చేలో నిలబడి కోత కోస్తున్న 1920 నాటి కూలీ, తెలిసిన కంటికి వెంటనే అబద్ధంగా కనిపిస్తాడు. పైగా ఇప్పుడు కోతలు యంత్రాలతో అయిపోతాయి, మీరు షూటింగుకు వెళ్లేసరికి చేలు ఖాళీ. ఒక ఎకరం మీరే కౌలుకు తీసుకుని, పొడుగు రకం విత్తనం సంపాదించి, జూన్, జూలైలలో నారు పోయించి, నవంబరు, డిసెంబరులలో మీ కెమెరా ముందే చేత్తో కోయించాలి. ఊడ్పులు నాలుగు రోజులు, కోతలు, నూర్పిళ్లు పది రోజులు, మిగిలిన పది రోజులు ఇంటి లోపలి సన్నివేశాలకు. అంటే మీ ఇరవై నాలుగు రోజులు వరుసగా కాక ఆరు నెలలలో మూడు విడతలుగా ఉండాలి. నటులకు ఈ సంగతి ఒప్పందంలోనే రాయండి. మధ్యలో ఒకరు గడ్డం గీయించుకుని వచ్చి నా సినిమా ఒకదాన్ని నెల ఆపారు.

ఎద్దులు, బండ్లు ఫ్రేములో ఉంటే జంతు సంక్షేమ మండలి అనుమతి ముందుగానే తీసుకోవాలి. అది లేకపోతే సెన్సారు దగ్గర ఫైలు కదలదు. చివరగా, లొకేషనులోనే ధ్వని రికార్డు చేయండి. గుంటూరు సీమ యాసను డబ్బింగు గదిలో మళ్లీ పుట్టించలేరు. దగ్గరలో మోటారు పంపులు ఆపమని రైతులను అడిగే పనికి ఊరి మనిషినే ఒకరిని పెట్టుకోండి, ఆ జీతం వృథా కాదు.

చట్టం తెలిసినవాడు

హక్కుల గురించి ఎవరూ అడగలేదు గాని చెప్పడం అవసరం. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలు అరవై ఏళ్లు హక్కులు ఉంటాయి. ఉన్నవ గారు 1958లో మరణించారు కాబట్టి 2019 జనవరి 1 నుంచి నవల ప్రజల సొత్తు. ఎవరి దగ్గరా కొనవలసిన పని లేదు. అయితే తరువాతి ముద్రణలలో ఇతరులు రాసిన పీఠికలు, వివరణలు వారివే, వాటి నుంచి మాటలు ఎత్తుకోకండి. స్వేచ్ఛ దొరికిందంటే అందరికీ దొరికినట్టే. రేపు మరొకరు ఇదే నవలను తీస్తే మీరు ఆపలేరు, కనుక మీ స్క్రీన్‌ప్లేను మాత్రం మీ పేరున నమోదు చేసుకోండి.

సెన్సారు బోర్డు అభ్యంతరం చెబితే మొదట రివైజింగ్ కమిటీ ఉంటుంది. ఆ పైన ఉండే అప్పిలేట్ ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు, ఇప్పుడు నేరుగా హైకోర్టుకే వెళ్లాలి. కులం పేర్లు, తిట్లు ఉన్న సినిమాకు ఇది ఊహించదగిన ఖర్చే, కాబట్టి ఒక లక్ష రూపాయలు పక్కన పెట్టండి. దేశవిభజన నాటి అల్లర్ల మీద భీష్మ సాహ్నీ రాసిన నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన 'తమస్' 1988లో దూరదర్శన్‌లో వస్తుండగా ఆపమని కోర్టుకు వెళితే, బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు స్వయంగా చూసి పిటిషనును కొట్టివేశారు, సుప్రీంకోర్టు కూడా ఆ నిర్ణయాన్నే సమర్థించింది. పాత గాయాన్ని చూపించడం వేరు, దాన్ని రెచ్చగొట్టడం వేరు అన్న తేడాను అక్కడ గుర్తించారు. మీ వెబ్ సిరీస్ ఆలోచనకూ అదే ఉదాహరణ: పెద్ద నవలను తీరికగా చెప్పడానికి టీవీ మంచి చోటు, కానీ దాని వెనుక దూరదర్శన్ ఉంది, మీ వెనుక మిత్రులు ఇచ్చే పదిహేను లక్షలున్నాయి.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం పాత స్క్రీన్‌ప్లేను పక్కన పెట్టి కొత్తగా అట్టకట్టిన పుస్తకంలో మొదటి పుట నుంచి రాయడం మొదలుపెట్టాను. రామదాసు కేంద్రంగా, ఒక పంట కాలం, హత్య నడిమిన, తక్కెళ్ళ జగ్గడు వదంతిగా మాత్రమే. కమల కథ తీసివేశాను. జ్యోతిని తీసివేయలేకపోతున్నాను, ఆమెకు మూడు సన్నివేశాలు ఉంచాను, కోత బల్ల గారు మొదటి కూర్పు చూసేటప్పుడు ఆ మూడింటి దగ్గర దయచేసి కళ్లు మూసుకోవాలి. గుంటూరు పాఠకుడు గారు అనుమతిస్తే చదివింపుకు వారిని కూడా పిలుస్తాను.

ఇక మిగిలినది విత్తనం. తెనాలి, రేపల్లె చుట్టుపక్కల అక్కుళ్లు గాని, కృష్ణకాటుకలు గాని, ఏ పొడుగు రకమైనా ఇంకా వేస్తున్న రైతులు మీకు తెలిసి ఉంటే, ఒక ఎకరానికి సరిపడా గింజలు మే నెలాఖరులోగా కావాలి.